ఇల్లు కట్టేటప్పుడు వినకూడని సలహాలు

ప్లాటు రిజిస్ట్రేషన్ అయిన మర్నాటి నుంచే సలహాలు మొదలవుతాయి. వాటిలో మొట్టమొదటిది: "ముందు జేసీబీ పెట్టించి చదును చేయించండి సార్, ఈ కంపంతా పోతుంది."

వినకండి. కంప అని తీసిపారేస్తున్నది ఒకప్పటి రైతు గట్టు వెంట పెంచుకున్న కంచె. వావిలి, గోరింట, అడ్డసరం, కిత్తనార, వాటి మీద అల్లుకున్న దొండతీగ, పిట్టలు వేసిన గింజలకు మొలిచిన సీమచింత. జేసీబీకి అది గంట పని. మళ్లీ అంత గుబురు పెరగాలంటే మీ పిల్లలకు పెళ్లీడు రావాలి. పునాది పడేచోట, గేటు వచ్చేచోట మాత్రమే కొట్టించండి, అదీ చలికాలంలో. ఎండలు ముదిరినప్పటి నుంచి వానలు వెనకబట్టే దాకా పిట్టలు గూళ్లు పెట్టే రోజులు.

ఒకసారి దగ్గరికెళ్లి చూడండి. నడుమెత్తులో ఒక వెడల్పాటి ఆకు దొన్నెలా ముడుచుకుని ఉంటుంది. అంచుల వెంట సూది మోపినంత రంధ్రాలు, వాటిలోంచి దూరిన సాలెగూటి పోగు, దూది పోచ. లోపల మూడో నాలుగో గుడ్లు. కుట్టింది గుప్పిట్లో ఇమిడే పిట్ట. ఆకు కొమ్మకే ఉంటుంది, పచ్చగానే ఉంటుంది కాబట్టి పక్కనే నిలబడ్డా గూడని తెలియదు. "అక్కడేం లేదు సార్" అని డ్రైవర్ చెబితే అబద్ధమాడినట్టు కాదు, అతనికి నిజంగానే కనపడలేదు.

"కంచె ఉంటే పాములొస్తాయి." పిల్లలున్న ఇంట్లో ఈ భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ పాము వచ్చేది ఎలుక కోసం, కప్ప కోసం, చల్లటి చాటు కోసం. నెలల తరబడి పేర్చి ఉంచిన ఇటుకలు, సెంట్రింగ్ చెక్కలు, పారేసిన అన్నం ఉన్నచోటే ఎలుకలు కాపురం పెడతాయి. ముందు వాటిని తీయించండి. పాములను పట్టే ముంగిస, జెముడుకాకి బతికేది ఆ కంచెలోనే. జెర్రిపోతుకు విషం లేదు, ఎలుకలను తింటుంది. కంచెకు ఇంటివైపు మొదట్లో జానెడు ఎత్తు దాకా కొమ్మలు తీసి నేల కనపడేలా ఉంచండి, రాత్రిపూట టార్చి లేకుండా అటు వెళ్లకండి.

"సెట్‌బ్యాక్ అంతా టైల్స్ వేయించేయండి, బురద ఉండదు." నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఈ సలహా. గాలీ వెలుతురూ రావాలని నిబంధనలు వదిలిపెట్టించిన ఆ కాస్త మట్టినీ మనమే కప్పేస్తున్నాం. వంగపూవులో పుప్పొడి సన్నటి రంధ్రాల లోపల ఉంటుంది. తుమ్మెద పూవును పట్టుకుని ఒళ్లు ఝుమ్మని అదిరిస్తేనే అది బాగా రాలుతుంది. తుమ్మెద ఎండుకర్రలోనో పాత వెదురు దడిలోనో గూడు తొలుచుకుంటుంది. ఇదే పని చేసే నీలిచారల తేనెటీగకు మట్టిలో బొరియ కావాలి. దడి తగలబెట్టి, మట్టికి టైల్స్ పరిచి, మేడ మీద కుండీలో వంగపూత నిలవడం లేదని మందు కొట్టేవాళ్లను చూస్తున్నాను. కంచె పక్కన మూడడుగుల మేరైనా నేలను నేలగా ఉంచండి.

"కోనోకార్పస్ పెట్టండి, ఏడాదిలో గోడలా లేస్తుంది." గుజరాత్‌ ప్రభుత్వం 2023లో దీన్ని నాటడాన్నే నిషేధించింది. గోరింట, వావిలి కొమ్మ నరికి పాతినా బతుకుతాయి, కాస్త ఆలస్యమవుతుందంతే. మధ్యలో ఒక నిమ్మ వేయండి. ఆకు మీద పిట్టరెట్టలా కనిపించే పురుగును దులపకండి. అది పచ్చగా మారి, ప్యూపా అయి, సీతాకోకచిలుకై ఎగిరిపోతుంది.

"మన స్థలంలో చెట్టు, ఎవరడుగుతారు?" అడుగుతారు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి తీసుకోవాలి.

ఇక ప్రహరీ తప్పదనుకుంటే, దాన్ని కంచెకు లోపలివైపు కట్టించండి. అడుగున అక్కడక్కడా జానెడు కన్నాలు వదలమని పునాది రోజే మేస్త్రీకి చెప్పండి. ముంగిస, తొండ, కప్ప వాటిలోంచి తిరుగుతాయి. పాముకైతే ఆ కన్నమే అక్కర్లేదు, గేటు కింది సందు చాలు. ప్లాస్టరింగ్ అయ్యాక చెబితే ఏ మేస్త్రీ గోడ పగలగొట్టడు.