పూర్ణా మార్కెట్లో నెమలి

మీ దగ్గర దాపరికం ఎందుకు? గొప్పలకు పోయి బోర్లా పడటం మీకూ కొత్తేం కాదులెండి.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు పక్షుల లెక్క జరుగుతుంది. ఆ ఆదివారం తెల్లారేసరికి మెళ్లో కొత్త బైనాక్యులర్స్, తలమీద ఆకుపచ్చ టోపీతో కంబాలకొండలో దిగాను. సుమారు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం నాకోసమే పడిగాపులు కాస్తోందని నా ధీమా.

నెమలి కనిపించింది. అడవికోళ్లు రెండు. పాలపిట్ట. వడ్రంగిపిట్ట. కాకులూ గోరింకలూ బోలెడు కనిపించాయనుకోండి, కానీ అంత ఖరీదైన టోపీ పెట్టుకుని కాకిని రాసుకోవడమా? వదిలేశాను.

లెక్కను అక్కడే ఫోన్లో, పక్షుల జాబితాలు చేర్చే ఈబర్డ్ యాప్‌కి ఎక్కించాల్సింది. టోపీతో సెల్ఫీలు దిగే హడావిడిలో మర్చిపోయి, కూరగాయలకని పూర్ణా మార్కెట్‌కి వెళ్లాక గుర్తొచ్చింది. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో ఫోను. చూసిన చోటు ఇదేనా అని ఫోను అడిగింది, అవునన్నాను. గుర్తుపట్టినవన్నీ రాశారా అంది, అవునన్నాను. వంకాయలు ఇంకో అరకిలో వెయ్యమంటారా అని కొట్టతను అడిగాడు, అవునన్నాను.

రెండ్రోజులకి, జాబితాలు సరిచూసే స్వచ్ఛంద సేవకుడి దగ్గర్నుంచి ఉత్తరం. 'పూర్ణా మార్కెట్లో ఒక నెమలి, రెండు అడవికోళ్లు ఉన్నట్టు రాశారు. కాకి ఒక్కటీ లేదు. దయచేసి మరోసారి చూడగలరా?'

తిట్టినా బాగుండేది. ఆ 'దయచేసి' ఉంది చూశారూ, అది ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

అన్నీ రాశానని ఒప్పుకుంటే, రాయని పిట్ట అక్కడ కనబడలేదనే లెక్క. ఏ పిట్ట ఎక్కడ తగ్గుతోందో తేల్చేది అలాంటి జాబితాలతోనే. 2023లో దేశంలోని 942 జాతుల స్థితి మీద వచ్చిన నివేదికకు సుమారు 30 వేల మంది రాసిచ్చిన 3 కోట్ల పరిశీలనలే ఆధారం. వాళ్లలో నాలాంటి టోపీరాయుళ్లు ఎందరున్నారో పాపం! నేనైతే ఒక్క పూటలో కంబాలకొండ కాకుల్ని మాయం చేసి, నెమలిని వంకాయల మధ్య దించాను.

చోటు మార్చాను. 'అన్నీ రాయలేదు' అని దిద్దాను. మరుసటి ఆదివారం టోపీ ఇంట్లో పడేసి, పూర్ణా మార్కెట్లో ఓ మూల పావుగంట నిలబడ్డాను.

"ఏటి బాబూ, పైకి సూస్తన్నావు?" అంది ఆకుకూరలామె.

"కాకుల్ని లెక్కపెడుతున్నానమ్మా."

"మా కాకులకీ లెక్కలొచ్చీసాయేటి!"

కాకులు 41, పావురాలు 26, గోరింకలు 9, గద్ద 1. ఈసారి ఉత్తరం రాలేదు.