ఆయ్, రాఫ్టింగండీ!

రాఫ్టింగ్ చెయ్యాలంటే నదికి కాస్త పొగరుండాలి. కోనసీమకొచ్చేసరికి గోదారికి అది దిగిపోతుంది. పాపికొండల మధ్య ఒదిగి వడిగా వచ్చిన తల్లి, ధవళేశ్వరం దాటాక గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలై, సముద్రం ఎక్కడికి పోతుందిలే అని నింపాదిగా నడుస్తుంది. మిగిలిన ఆ కాస్త దూకుడునీ కాటన్ దొర కాలువల్లో అణిచేశాడు. 1852కల్లా ఆనకట్ట కట్టించాడు. కాలువల్లో నీళ్లు ఎగుడుదిగుడైన చోట లాకులొచ్చాయి. పడవ లోపలికి రాగానే తలుపులు మూసి, నీటిమట్టం పెంచో తగ్గించో అవతలికి పంపడమే లాకుల పని. కొబ్బరికాయల పడవకి అది హాయి. రాఫ్టింగ్‌కి మాత్రం చావుదెబ్బ.

అయినా నదిని కాపాడతామంటూ హైదరాబాదు కుర్రాళ్లు రబ్బరు పడవలతో దిగారు. వాళ్లకి ఆదర్శం 2019లో అక్టోబరు 10న దేవప్రయాగలో బయల్దేరి, నవంబరు 11కి గంగాసాగర్ చేరిన గంగా రాఫ్టింగ్ యాత్ర. అది రెండున్నర వేల కిలోమీటర్లు. మాది లొల్ల లాకుల దిగువన కాలవలో రెండు మూడు ఊళ్లు. స్థానికుడినని నన్నూ ఎక్కించుకుని, నెత్తిన హెల్మెట్ పెట్టారు.

గట్టు మీది పెద్దాయన పిలిచాడు. "ఆ టోపీలెందుకండీ?"

"తలకి దెబ్బ తగలకుండా అండీ."

"ఆయ్, మంచిదండి. కొబ్బరికాయలు రాలే కాలమేనండి."

కాసేపటికి పడవ ఆగిపోయింది. ఎదురుగా గుర్రపుడెక్క, ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా. ఎక్కడో అమెజాన్‌లో పుట్టిన మొక్క, ఊదారంగు పూలు చూసి మనవాళ్లు మోజుపడితే కాపురానికొచ్చేసింది. వాతావరణం నచ్చిందా, రెండు వారాల్లో రెట్టింపవుతుంది. తెడ్లు దాన్లో చిక్కుకున్నాయి. గట్టు మీద అందరూ సరంగులే. "తెడ్డు కాదండి, గెడెయ్యండి!" అని కేకలు. గెడ మాత్రం ఒక్కరూ ఇవ్వలేదు.

ఇక దిగి, మొలలోతు నీళ్లలో డెక్క లాగడం మొదలెట్టాం. డెక్క కింద దొరికినవి చూస్తే మన భక్తి అర్థమవుతుంది. దేవుడి పూలన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఊడిపోకుండా రెండు ముళ్లేసి మరీ గోదారమ్మకి సమర్పించారు. పువ్వు కుళ్లినా ముడి వీడలేదు.

మధ్యాహ్నం అంబాజీపేట పొట్టిక్కలు, అంటే పనసాకు బుట్టల్లో ఉడికించిన ఇడ్లీలు తెప్పించారు. ఖాళీ బుట్టల్ని అటుగా వచ్చిన మేక సంతోషంగా స్వీకరించింది. పచ్చడి కట్టిన కవర్లని అదీ వద్దంది. వాటికి నేను కాపలా.

సాయంత్రానికి గట్టు మీద డెక్క, సీసాలు, కవర్లు కలిసి మనిషెత్తు గుట్ట అయింది. కుర్రాళ్లు దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతుంటే, ఓ ఇల్లాలు తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చి, గుట్టని ఎగాదిగా చూసింది.

"ఇకనుంచి చెత్త ఇక్కడ వెయ్యమన్నారాండీ?"