ఈ బొమ్మ యే మెట్టునకు?

బొమ్మలు కొనుటకు ధనముండిన చాలునని తలంచువారు ధనవంతులు కావచ్చును గాని, బొమ్మలు కొన్నవారు మాత్రము కారు. 1623 మొదలు 1659 వఱకు మదుర నేలిన మన తిరుమల నాయకుడు పుదుమండపమున తన రూపమును, తన రాణుల రూపములను నిలువెత్తున రాతిలో చెక్కించినప్పుడు, ఇంత వెల తగునా యని యడుగ సాహసించిన పుణ్యాత్ము డుండియుండడు. ఆయనకు బొక్కసము కలదు, బొమ్మలు నిలుపుటకు మండపము కలదు, అన్నింటికంటె మిన్నగా, అడుగువారు లేరు. కోయంబత్తూరులో చిన్న యింట కాపురముండి, మేనల్లుని జపాను బొమ్మ విషయమున తీర్పు చెప్పవలసివచ్చిన నావంటివానికి ఈ మూడింటిలో నొక్కటియు లేదు.

అతడు కోరినది హత్సునే మికు బొమ్మ. 2007లో కంప్యూటరునందు పాడుటకై వెలువడిన యీ గాయనికి గానము కలదు గాని గళము లేదు. వయస్సు పదునాఱు, ఎన్ని యేండ్లు గడచినను పదునాఱే. ఎత్తు 158 సెంటీమీటర్లు. అందులో ఏడవవంతు పరిమాణమున చేసిన బొమ్మ యనగా ఇంచుమించు 22.5 సెంటీమీటర్లు. ఇట్టివాని వెల 20,000 యెన్‌ల చుట్టుప్రక్కల నుండుట పరిపాటి. రవాణా, సుంకము వేరు. పైగా బొమ్మ యింకను తయారు కాలేదు. రంగులు దిద్దిన మచ్చుబొమ్మ ఫోటో చూచి ముందుగా పేరు నమోదు చేసికొన్నచో, ఏడాదికో, ఆ పైననో రాగలదట.

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమా?" అని మా అమ్మ పెదవి విఱిచెను.

మా యింట బొమ్మల వ్యవహారమున ఆమెదే తుది తీర్పు. నవరాత్రుల బొమ్మల కొలువునకు ముందు పూంపుహార్ అంగడిలోనో, పుట్టినింటికి పోయినప్పుడు మదుర ప్రక్కనున్న విళాచ్చేరి కుమ్మరుల వాకిళ్లలోనో ఆమె బొమ్మ నెంచు తీరు చూడదగినది. మొదట ముఖము చూడదు. తలక్రిందులు చేసి అడుగు చూచును. గోటితో తట్టి చెవి యొగ్గును, బీటవాఱిన మట్టి మొద్దుగా పలుకును గనుక. పిమ్మట కన్నులు రెండును ఒక్కచోటనే చూచుచున్నవా యని ప్రక్కకు జరిగి జరిగి పరిశీలించి, గడ్డము రంగు మెడమీదికి జాఱినదేమో యని వ్రేలితో తడవి చూచి, అప్పటికి గాని వెల యడుగదు.

ఈ శాస్త్రము జపాను బొమ్మకును చక్కగా సరిపోవును. దాని కన్నులు అచ్చువేసినవి గనుక మెల్లపడుట అరుదు. చూడవలసినవి జడ అతుకు, పావడా అంచున రంగు కలియు చోటు. నకిలీ బొమ్మ మేను నూనె రాచినట్లు మెఱయునని మేనల్లుడు చెప్పెను. ఒక్క యెండకు మాత్రము అమ్మ శాస్త్రమున పరిహారము లేదు: మట్టిబొమ్మ యెండకు బెదరదు, పీవీసీ బొమ్మయో, వేడికి మెత్తబడి, సన్నని కాళ్లపై నిలిచిన యా సుందరి కొన్ని వేసవులకు మితిమీఱిన వినయముతో ముందుకు వంగును.

"అంతా సరేరా, దీన్ని ఏ పడిలో పెట్టేది?" అనెను అమ్మ. పడి యనగా కొలువు మెట్టు.

"పడిలో ఎందుకవ్వా? గాజుబీరువాలో ఏడాదంతా కనబడుతుంది."

"ఏడాదంతా చూసేదానికి బొమ్మ ఎందుకప్పా, గోడ చాలదా?"

నా తీర్పునకు ఆధార మా మాటయే. కొలువునకు మెట్లు మూడో, అయిదో, ఏడో, తొమ్మిదో. ఏటేట ఒక్క క్రొత్తబొమ్మయైనను చేరవలెనని ఆచారము. ఈ "ఒక్కటియైనను" అనుదానిని మా అమ్మ "ఒక్కటి మాత్రమే" అని యన్వయించి సంసారమును కాపాడినది. నవరాత్రులు ముగిసినంతనే బొమ్మలన్నియు పాతపంచె చుట్టుకొని పెట్టెలోనికి పోవును. మరుసటి యేడు పంచె విప్పినప్పుడు వెల జ్ఞప్తికి రాక ముఖమే కనబడినచో, ఆ బొమ్మ కొనదగినది. జపాను బొమ్మలు సేకరించువారికి ఈ పంచెయు లేదు, ఈ మెట్టును లేదు. నెలనెలకు క్రొత్త ఫోటో మాత్రము వచ్చుచుండును. కావున, ఆ యేటికి ఇంటిల్లిపాదికిని అదియే క్రొత్తబొమ్మ యగు పక్షమున కొనవచ్చునని తీర్పు చెప్పితిని.

మేనల్లుడు సమ్మతించెను. అమ్మయు సమ్మతించి, కొలువులోని కచేరీ బొమ్మల సెట్టులో మృదంగ విద్వాంసుని ప్రక్క చోటు చూపి, "పాడేదానికి తంబురా ఏది?" అనెను. విచారింపగా, విడిగా తంబురా అమ్మరనియు, దానిని మీటు అమ్మాయిని గూడ కొనవలెననియు తేలినది. అది రెండవ బొమ్మ యగును గనుక వ్యాజ్యము వాయిదా పడినది.