రేకు హుక్కు ఆత్మకథ

నేను జె-హుక్కును. ఎనిమిది మిల్లీమీటర్ల ఇనుప కడ్డీని ఒక కొన వంచి, రెండో కొనకు మర తిప్పితే నేనవుతాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో రేకులు అమ్మే చోటే నేనూ, నా తారు వాషరూ దొరుకుతాం. నా వంపు కింద పైపును పట్టుకుంటుంది, పైన నట్టు రేకును అదిమి పెడుతుంది. రేకు వానను ఆపుతుందని అందరికీ తెలుసు. గాలికి ఆ రేకును ఆపుతున్నదెవరో చూడ్డానికి మాత్రం ఎవరూ నిచ్చెన వేయరు. కప్పు లేచిపోయాక నష్టం రాసుకునేందుకు వచ్చే మనిషి, లేవకముందే ఒకసారి వచ్చి నన్ను లెక్కపెట్టాలన్నదే నా వాదన. ఆ లెక్కకు బీమాలో విలువ ఉండాలి.

గాలి గోడను తోస్తుంది, కప్పును పైకి లాగుతుంది. తలుపు తెరిచి ఉంటే లోపల చొరబడి కింది నుంచీ ఎత్తుతుంది. గంటకు 80 కిలోమీటర్ల గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 30 కిలోల బరువుతో సమానం. అరమిల్లీమీటరు ఇనుప రేకు అంతే జాగాకు తూగేది నాలుగైదు కిలోలు. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. అంచుల్లో, మూలల్లో లాగుడు మరీ ఎక్కువ. అందుకే రేకుల మీద బండరాళ్లు పేర్చి నిశ్చింతగా పడుకునేవాళ్లను చూస్తే నాకు భయం. కప్పు ఆగదు సరికదా, ఆ రాళ్లే మంచం మీద పడతాయి.

ఇదేమన్నా కోస్తానా, తుపాన్లు ఇంత లోపలికి వస్తాయా అంటారు. భవనాల మీద గాలి భారాన్ని లెక్కకట్టే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విశాఖపట్నానికి సెకనుకు 50 మీటర్ల గాలిని లెక్కలోకి తీసుకోమంటే, హైదరాబాద్‌కు 44, కర్నూలుకు 39 అంది. ఆ 39 కూడా గంటకు 140 కిలోమీటర్లు. పాలమూరుకు, అంటే ఈ పాత మహబూబ్‌నగర్ జిల్లాకు, తుపాను అక్కర్లేదు. మే నెల ఎండకు నేల కాగి, సాయంత్రానికి మబ్బు పట్టి, దాని నుంచి ఒక్కసారిగా కిందికి దిగే చల్లగాలి చాలు. 2024 మే 26న నాగర్‌కర్నూల్ జిల్లాలో గాలివాన ప్రాణాలు తీసింది. తాడూరు మండలం ఇంద్రకల్‌లో కడుతున్న షెడ్డు కూలి నలుగురు చనిపోయారు. కప్పు పడని గోడకు పైన పట్టు ఉండదన్న సంగతి తాపీ మేస్త్రీలకు తెలియనిది కాదు.

అమెరికాలోని ఫ్లోరిడాలో 1992 నాటి ఆండ్రూ తుపాను తర్వాత లెక్క మారింది. అక్కడ తనిఖీదారు అటకెక్కి, కప్పును గోడకు మేకుతో కొట్టారా, ఇనుప పట్టీతో బిగించారా అని చూసి, ఫొటోలతో సహా ఫారం నింపుతాడు. పట్టు గట్టిగా ఉంటే ప్రీమియం తగ్గించాలని చట్టమే ఉంది. మన దగ్గర 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ ‘భారత్ గృహ రక్ష’ పాలసీ ఇవ్వాలి. తుపాను, గాలివాన నష్టాలు అందులో వస్తాయి. గడ్డి, వెదురు, టార్పాలిన్ కప్పులను అది కచ్చా అంటుంది. రేకు ఆ జాబితాలో లేదు. అంటే మూలమూలకూ హుక్కులు బిగించిన ఇల్లూ, రాళ్లు పేర్చిన ఇల్లూ కాగితం మీద ఒకటే. జాగ్రత్తపడ్డవాడికి దక్కేదేమీ లేదు.

అసలు రేకుల ఇంటికి బీమా కట్టేదెవరు, కట్టినా ఏడాదికి కొన్ని వందలే, అందులో రాయితీ ఇస్తే తనిఖీ మనిషి బండి పెట్రోలుకైనా వస్తుందా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఫ్లోరిడా పద్ధతిని ఉన్నదున్నట్టు దించితే ఇక్కడ నిలవదు. కానీ బీమా లేని ఇంటి నష్టాన్నీ ఎవరో ఒకరు మోస్తూనే ఉన్నారు. విపత్తు సహాయ నిధి 2022-26 నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి లక్షా 20 వేలు, కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500 రూపాయలు. ఆ 6,500తో కప్పు మళ్లీ పడదు. గద్వాలలో మగ్గం మీదున్న చీర తడిస్తే ఆ నష్టం వేరే. ఊరంతటికీ కలిపి ఒకే పాలసీ తీసుకుని, హుక్కులు సరిచూసిన ఇళ్లకు రేటు తగ్గించమంటే బేరానికి బలం వస్తుంది. తనిఖీకి పట్నం ఇంజినీరు అక్కర్లేదు. ఇందిరమ్మ ఇళ్లకు దశదశకూ ఫొటో తీసి బిల్లు చేస్తున్న ఊళ్లలో, రేకులు బిగించే ఫిట్టరుకు ఒకరోజు శిక్షణ ఇచ్చి, నాలుగు మూలల ఫొటోలు తీయించడం పెద్ద పనా?

నా డప్పు నేనే కొట్టుకుంటున్నానని అనుకోకండి. ఇప్పుడు ఇనుప రేకులకు స్క్రూలే ఎక్కువ, నా పని సిమెంటు రేకుల దగ్గరే మిగిలింది. పైగా నేనెంత గట్టిగా పట్టినా, పైపును గోడలో మట్టితో కూరి వదిలేస్తే కప్పంతా పైపులతో సహా లేస్తుంది. కాబట్టి ఫొటోలో నేను మాత్రమే ఉంటే చాలదు, పైపు గోడలోకి దిగిన చోటూ కనిపించాలి. తనిఖీ అయ్యాక హుక్కులు పీకేస్తే ఎలా అంటే, మనుషులు పీకరు, తుప్పు పీకుతుంది. ఫ్లోరిడా ఫారం అయిదేళ్లదాకా చెల్లుతుంది. ఇక్కడి ఎండకు తారు వాషరు పగిలి, నా మెడలోకి నీళ్లు దిగడానికి అన్నేళ్లు పట్టకపోవచ్చు. మూడేళ్లకోసారి, మే నెల గాలులకు ముందే చూస్తే మంచిది.