‘పైన గుంజుతది’: సటీకం

అవతారిక: 648 సీసీ ఇంటర్‌సెప్టర్ బైకు కొని, ఏడాది తిరక్కముందే అది చాలడం లేదని దిగులుపడిన ఒక యువకుడు హైదరాబాదులోని ఒక షెడ్డుకు పోయి ఉపాయం అడగ్గా, మెకానిక్ చేతి గ్రీజు గుడ్డకు తుడుచుకుంటూ సెలవిచ్చిన వాక్యమిది.

మూలం: “క్యామ్ మార్చి డైనో ఎక్కిస్తే బండి పైన మస్తు గుంజుతది అన్నా.”

ప్రతిపదార్థం: అన్నా = ఓ అన్నా! (బిల్లు ఈ సంబోధనతోనే మొదలగునని కొందరు); క్యామ్ = వాల్వులను తెరిపించెడి, గుడ్డు ఆకారపు మిట్టలు గల కడ్డీని; మార్చి = తీసి వేరొకటి వేసి; డైనో = బండి బలాన్ని రోలరు మీద కొలిచెడి డైనమోమీటరును (ఉత్తరపదం లోపించినది); ఎక్కిస్తే = ఎక్కించినచో; బండి = వాహనము; పైన = ఎగువన (దేనికి ఎగువన? విచార్యము); మస్తు = మిక్కిలిగా; గుంజుతది = లాగును.

తాత్పర్యం: స్పష్టం. అందువల్లనే ప్రమాదకరం.

విశేషాలు: క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టే తిరుగుతుంది. మిట్ట ఎత్తును బట్టి వాల్వు ఎంత తెరుచుకునేదీ, వెడల్పును బట్టి ఎంతసేపు తెరిచి ఉండేదీ తేలుతుంది. రేసు క్యామ్ వాల్వును ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. పెళ్లి భోజనాల దగ్గర జనం తోసుకొస్తుంటే తలుపు ఎంతసేపు తీసి ఉంచితే అంతమంది లోపల పడతారు. జనం పల్చబడ్డాక కూడా అలాగే ఉంచితే వచ్చినవాళ్లే వెనక్కి నడుస్తారు. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు గాలికీ పెట్రోలుకీ జరిగేది ఇదే. ఐడ్లింగ్‌లో బండి తడబడేదీ, కింద పికప్ తగ్గేదీ ఇందుకే.

‘మార్చి’ అన్నది క్త్వార్థకం. ఇంత చిన్న ప్రత్యయంలో ఇంత ఖర్చు దాగడం అపూర్వం. మిట్ట మారితే వాల్వు స్ప్రింగులు గట్టివి కావాలి, లేకుంటే హైస్పీడులో వాల్వు క్యామ్ మాట వినదు. మిట్ట ఎత్తు పెరిగితే వాల్వుకీ పిస్టనుకీ మధ్య ఎడం చూడాలి. ఆ రెండూ తగిలితే వ్యాఖ్యానం అక్కర్లేదు.

‘ఎక్కిస్తే’: వెనక చక్రం రోలరు మీద ఉంటుంది. బండి శాయశక్తులా పరుగెత్తి అంగుళం కదలదు. గానుగెద్దును చూసినవారికి ఇది కొత్త కాదు. జేమ్స్ వాట్ కూడా మిల్లు చక్రం తిప్పే గుర్రాన్ని చూసే హార్స్‌పవర్ లెక్క కట్టాడు. ట్యూనరు మాత్రం సైలెన్సర్ పొగలో గాలీ పెట్రోలూ పాళ్లు చూస్తుంటాడు. పూర్తిగా మండడానికి ఒక పాలు పెట్రోలుకు తూకంలో 14.7 పాళ్ల గాలి. పూర్తి బలానికి గాలి 13 పాళ్ల దాపులకు దిగాలి. దాన్నిబట్టి ఈసీయూలో, అంటే ఇంజను కంప్యూటరులో, ఫ్యూయల్ మ్యాపు దిద్దుతాడు. క్యామ్ మార్చి ఇది మానేస్తే, బంతి పెరిగినా పాత చీటీ ప్రకారమే బియ్యం పోసినట్టు.

‘మస్తు’కు అంకె లేదు. కంపెనీ చెప్పే 47 గుర్రాలు క్రాంకు దగ్గరివి. గేర్లూ చైనూ టైరూ తమ వాటా తిన్నాక రోలరు తక్కువే చూపిస్తుంది. పాత క్యాముతోనూ, కొత్త క్యాముతోనూ అదే రోలరు మీద కొలిస్తేనే ‘మస్తు’ ఎంతో తేలుతుంది.

శంక: మరి ‘పైన’ అనగా ఎక్కడ?

సమాధానం: వాక్యానికి ప్రాణం ఈ పదమే. ఈ బండికి 52 న్యూటన్ మీటర్ల టార్కు 5,000 పైచిలుకు ఆర్‌పీఎం దగ్గర, ఆ 47 గుర్రాలు 7,000 దాటాక. రేసు క్యామ్ లాభం ఆ ఎగువనే. మియాపూర్ నుంచి పంజాగుట్ట మీదుగా దిల్‌సుఖ్‌నగర్ పోయేవాడు 7,000 చూసేదెన్నడు? అతని బతుకంతా 2,000కూ 4,000కూ మధ్య, అంటే ఆ క్యామ్ కోత పెట్టే చోటే. మెకానిక్ అబద్ధమాడలేదు. ‘పైన’ అనే అన్నాడు. కుర్రవాడికి ‘మస్తు’ ఒక్కటే వినబడింది.

పాఠాంతరం: ‘సౌండ్ మస్తుంటది’ అని కొన్ని షెడ్లలో కనబడుతుంది. ప్రక్షిప్తం.

రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వేరే ఉంది; దానికి టీకా పోలీసులే చెబుతారు.

ట్రాకు మీద తిరిగేవారు క్యామ్ మార్చుకోవచ్చు. పంజాగుట్ట సిగ్నల్ వారు ట్యాపెట్లు సెట్ చేయించుకుని, ఎయిర్ ఫిల్టర్ మార్పించుకుంటే చాలు.