దుత్తలూరు దారిలో ఆకలైతే ఖాళీ హోటల్లోకే పోండి

నెల్లూరు జిల్లా పడమటి వైపు బయల్దేరే వాళ్లకు ఇంట్లో చెప్పి పంపే జాగ్రత్తలు మూడు. పులిహోర కట్టుకుని పో. బయట తినాల్సి వస్తే జనం కిటకిటలాడే హోటల్లోనే తిను. ఏం తిన్నా అప్పుడే వండింది తిను. ఆత్మకూరు, వింజమూరు, దుత్తలూరు, ఉదయగిరి, సీతారామపురం ఊళ్ల మధ్య ఉద్యోగం పేరుతో ఏళ్ల తరబడి తిరిగినవాణ్ణి నేను. ఆ మూడు మాటలూ తప్పేనని నా నమ్మకం. నేను చెప్పేవి మీ ఇంట్లోవాళ్లకు నచ్చవని తెలుసు. అయినా చెబుతున్నాను. అంత దూరం పోయి, ఆ నేల రుచి నాలుక్కి తగలకుండా తిరిగొచ్చే వాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ముందు పులిహోర సంగతి. కట్టుకుపోవద్దు. డబ్బా ఒళ్లో ఉన్నవాడు బస్సు ఎక్కడ ఆగినా కిటికీ పక్క నుంచి కదలడు. మూత తీస్తాడు, తింటాడు, నిద్రపోతాడు. ఆకలైనవాడు దిగుతాడు. దిగాక ఎవరినో ఒకర్ని అడగక తప్పదు. "ఈడ భోజనం యాడ దొరుకుద్దన్నా?" అంటే, చెప్పేవాడు ఊరికే చెప్పడు. యా ఊరు, ఎవురి తాలూకు, యాడికి పోతుండావని నాలుగు అడిగి, కొంతదూరం వెంట నడిచి మరీ చూపిస్తాడు. పులిహోర డబ్బా మీకు ఆ మనిషిని దక్కకుండా చేస్తుంది.

ఇక హోటల్ ఎంచుకోవడం. ఫోన్‌లో చుక్కలు లెక్కపెట్టొద్దు. జనం ఉన్నచోటికి అసలు పోవద్దు. ఎవరూ లేని హోటల్ చూసుకుని అందులోకే వెళ్లండి. ఈ మాట ఎవరికి చెప్పినా నన్ను వింతగా చూస్తారు. జనం లేరంటే సరుకు బాగాలేదనేగా అంటారు. జనం ఉన్నచోట పెనం మీద ఆరు దోసెలు ఒకేసారి కాలుతుంటాయి, మాస్టర్‌కు తల ఎత్తే తీరిక ఉండదు. మీరు అక్కడ ఒక టోకెన్. ఖాళీగా ఉన్నచోట మీరు చుట్టం. మీకోసమే పొయ్యి ఎగదోస్తారు, మీ ఎదురుగానే నూరతారు, మీరు తింటుంటే పక్కన నిలబడి చూస్తారు. నిల్వ సరుకని భయమైతే మీ కళ్ల ముందు పోసే దోసె, కొట్టే ఆమ్లెట్ అడగండి, సరిపోతుంది.

ఒకసారి దుత్తలూరులో మధ్యాహ్నం మూడు దాటాక దిగాను. సెంటర్లో హోటల్ నిండి ఉంది. పక్క సందులో రేకుల షెడ్డు, బోర్డు లేదు, లోపల పురుగు లేదు. యాభై దాటిన ఒకామె పీట మీద కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది.

"ఏముందమ్మా?"

"బువ్వ అయిపొయ్యింది అబ్బయ్యా. దోసె పోస్తా, కూర్చో."

నానబెట్టిన ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ఒక ఉల్లిపాయ, కల్లుప్పు రోట్లో వేసి నూరింది. ఆ ఘాటుకు వీధిలో పోతున్న కుర్రాడు తుమ్మాడు. పెనం మీద నీళ్లు చిలకరించి, చీపురుకట్టతో తుడిచి, పిండి పోసి గరిటతో గుండ్రంగా తిప్పింది. అంచులు పైకి లేచే వేళకు ఎర్రకారం ముద్ద తీసి గరిట వీపుతో మధ్య నుంచి అంచు దాకా పూసింది. దాని మీద పప్పుల పొడి చల్లి, చుట్టూ నూనె వదిలింది. తీరా మడతపెట్టబోతూ, "కారం తట్టుకుంటావా, తీసెయ్యమంటావా?" అంది. నేను పట్నం మనిషిలా "తగ్గించమ్మా" అన్నాను. ఆమె ఏమీ అనకుండా పైన ఉన్న ముద్ద గీకేసి ఇచ్చింది. తిన్నాను. మెత్తగా, చప్పగా, ఏ ఊరిదీ కాని దోసె. రెండోది నన్ను అడగలేదు. ఎర్రగా పూసి ఆకులో పడేసి, శెనక్కాయల చట్నీ పక్కన పెట్టి, మంచినీళ్ల చెంబు దగ్గరికి జరిపింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, ముక్కు కారింది, మూడోది కూడా తిన్నాను.

అందుకే చెబుతున్నాను, నెల్లూరు జిల్లాలో కారం దోసె తింటూ కారం తగ్గించమని ఎప్పుడూ అనకండి. నెయ్యి వెయ్యమనీ అనకండి. ఈ కారం మరీ అంత పాతది కూడా కాదు. 1513లో శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గాన్ని చుట్టుముట్టి, 1514లో గజపతుల చేతిలోంచి దాన్ని లాక్కున్నాడు. ఆ సైన్యం తిన్న కూడులో కారమంటే మిరియాలే. మిరపకాయ అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసుల ఓడల మీద మనకు వచ్చింది. పరాయి కాయను అంతగా తమది చేసుకున్న ఊళ్లలో కూర్చుని దాన్ని గీకించడం వండినామెకు అవమానం. నేను చేశాను కాబట్టి నాకు తెలుసు.

అప్పుడే వండింది తినమన్న మాటకు వస్తాను. బోర్డు మీద నెల్లూరు చేపల పులుసు అని కనపడితే, ఇవ్వాళ చేసిందా అని అడగొద్దు. నిన్నటిది ఉందా అని అడగండి. చింతపండు, మామిడికాయ పులుపు, మెంతిపొడి చేప ముక్కలోకి ఇంకాలంటే ఒక రాత్రి పట్టాలి. పొయ్యి మీద నుంచి దించిన పులుసులో చేప వేరు, పులుసు వేరు. మర్నాడు పొద్దున ఆ రెండూ ఒకటైపోతాయి. మట్టి దాకలో ఉంటే ఇంకా మంచిది. పడమటి ఊళ్లకు సముద్రం దూరం, కాబట్టి అక్కడి పులుసులో వంజరం కోసం వెతక్కండి. చెరువుల్లో పెరిగిన బొచ్చె, రాగండి, అదృష్టం ఉంటే కొర్రమీను. ఆత్మకూరు పక్కన పెన్న మీద 78 టీఎంసీల సోమశిల జలాశయం ఉంది, ఆ నీటి చేప దొరికితే వదలొద్దు. సముద్రపు చేప కాదని మొహం చిట్లించే వాళ్లు నాకు తెలుసు. మంచినీటి చేపకు పులుపు బాగా పడుతుందని వాళ్లకెవరూ చెప్పలేదేమో.

వేళ కూడా మీకు చెప్పినట్టు కాదు. పన్నెండున్నరకే పోయి కూర్చోవద్దు, హోటల్ కట్టేసే వేళకు పోండి. కట్టేసే వేళకు పోతే ఒక లాభం ఉంది. వండినవాళ్లు, వడ్డించినవాళ్లు అప్పుడే కంచాలు పెట్టుకుంటారు. మీ విస్తరి కూడా వాళ్ల పక్కనే పడుతుంది. బోర్డులో లేనివి అప్పుడు బయటికి వస్తాయి, అడుగంటిన పప్పు, ఊరిబిండి, మజ్జిగ మిరపకాయ, వాళ్ల కోసం దాచుకున్న ఉప్పుచేప వేపుడు.

ఆ వేళకు అడగాల్సిన మాట ఒక్కటే, "మీరేం తిన్నారమ్మా?" హోటల్లో స్పెషల్ ఏంటని అడిగితే, మీలాంటి వాళ్లకు అలవాటైన చికెన్ ఫ్రైడ్ రైస్ పేరు చెబుతారు. మీరేం తిన్నారంటే ఒక్క క్షణం తటపటాయించి, "మాదేముంది, సంగటి" అంటారు. ఆ సంగటి అడిగి పెట్టించుకోండి. రాగిపిండి, బియ్యం కలిపి కెలికి, తడిచేత్తో చేసిన ముద్ద. నాటుకోడి పులుసుంటే మహారాజు భోజనం, లేకపోతే శెనక్కాయ ఊరిబిండి చాలు. ముద్ద తుంచి, పులుసులో పొర్లించి మింగాలి. నమలొద్దు. నమిలితే పంటికి అంటుకుని మొదటి ముద్దకే మొహం మొత్తుతుంది. బాగా నమిలి తినమని చదువుకున్న మనకు ఇది ఇబ్బందే. మూడో ముద్దకు గొంతే నేర్చుకుంటుంది.

చెంచా అడగకండి. చెంచాల ఊరి దగ్గరే ఈ మాట అంటున్నాను. ఉదయగిరి కొయ్య చెంచాలకు, ఫోర్కులకు భౌగోళిక గుర్తింపు ఉంది. చుట్టుపక్కల అడవుల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి కొయ్యతో, పిడి మీద నగిషీ పెట్టి, తరాలుగా అక్కడి కుటుంబాలు చేస్తున్నాయి. కొనండి, బేరం ఆడకుండా కొనండి, ఇంటికి తెచ్చుకుని పెరుగన్నం తినండి. సంగటి ముద్ద దగ్గర మాత్రం వేళ్లే దిక్కు.

ఈ చిన్న హోటళ్లను హోటళ్లని పిలవడమే నాకు అన్యాయంగా తోస్తుంది. ముందు గదిలో బల్ల, వెనక గదిలో మంచం, మధ్యలో పొయ్యి. ఇవి పూటకూళ్ల ఇళ్లు. క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యంలో ఓరుగల్లు చూడబోయిన మిత్రులు రూక ఇచ్చి తిన్నది ఇలాంటి ఇంట్లోనే. డబ్బిచ్చి తింటాం, కానీ ఒకరి ఇంట్లో తింటాం. ఆ ఇంట్లో మీకు ఏం కావాలో మీరు చెప్పడం మర్యాద కాదు. పెట్టింది తినాలి.

పెట్టింది తినడం అలవాటు కాకపోతే, ముందు సీతారామపురం వైపు పొండి. అవధూత కాశినాయన పుట్టిన బెడుసుపల్లి ఆ మండలంలోదే. 1895లో పుట్టి 1995లో దేహం చాలించిన ఆ మనిషి ఎక్కడ పాడుబడిన గుడి కనపడితే అక్కడ బాగుచేయించి, పొయ్యి వెలిగించి, వచ్చినవాడికల్లా అన్నం పెట్టించారు. కడప జిల్లాలో ఒక మండలానికి ఆయన పేరే పెట్టారు. ఆ సత్రాల్లో బంతిన కూర్చుంటే మీ కులం, ఊరు, ఇష్టాయిష్టాలు ఎవరూ అడగరు. అన్నం, పప్పు, చారు, మజ్జిగ. "ఇంకొంచెం" అన్న మాట నోట్లోంచి వచ్చేలోపు గరిట వచ్చేస్తుంది. డబ్బున్నవాడు సత్రంలో తినడమేంటని మొహమాటపడొద్దు. తినండి, హుండీలో మీకు తోచింది వేయండి. అక్కడ తిని వచ్చాక హోటల్లో మీరు మాట్లాడే తీరే మారుతుంది.

జ్యేష్ఠమాసంలో నర్రవాడ వెంగమాంబ పేరంటాలు బ్రహ్మోత్సవాలప్పుడు దుత్తలూరు మండలం అంతా జనం. ఎండ మాడు పగలగొడుతుంది. అందరూ ఆ రోజుల్లో ఆ దారి తప్పించుకోమంటారు. నేను ఆ రోజుల్లోనే పొమ్మంటాను. ఎవరి బండి పక్కన నీడకు నిలబడినా చేతిలో ఏదో ఒకటి పెడతారు.

కిందటిసారి మళ్లీ ఆ రేకుల షెడ్డుకు పోయాను. సాయంత్రం దీపాలు పెట్టే వేళ. ఆమె నన్ను గుర్తుపట్టి, "ఈసారి గీకేది లేదులే" అంది. బడి నుంచి వచ్చిన మనవడు బల్ల అవతల పుస్తకాల సంచీ పెట్టుకుని కూర్చున్నాడు. గిన్నె వంచి చూసింది, అడుగున రెండు దోసెలకే పిండి ఉంది. వాడికొకటి పోసింది, నాకొకటి పోసింది. "మరి నీకమ్మా?" అన్నాను. "మద్దేనం సంగటి ఉండాదిలే" అంటూ నా దోసె మీద ఇంకో గరిటెడు కారం పూసింది.