ఎల్బీనగర్ కోర్టు గేటు దగ్గర దొరికే చెడ్డ సలహాలు

"ఎమ్మెల్యేతో జడ్జికి ఒక మాట చెప్పించు." దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా, ప్లాటు తగాదాలో చిక్కుకున్న ఇంటికి ముందుగా అందే సలహా ఇదే. వినొద్దు. రంగారెడ్డి జిల్లా కోర్టు అయినా మరొకటైనా, జిల్లా కోర్టుల మీద అదుపు రాజ్యాంగం 235వ అధికరణం ప్రకారం హైకోర్టుది. పోస్టింగులు, సెలవులు, క్రమశిక్షణ అన్నీ అక్కడే తేలతాయి. జీతమిచ్చేది రాష్ట్ర ఖజానా, జిల్లా జడ్జిని నియమించేది గవర్నర్. జనం పొరబడేది ఇక్కడే. జడ్జిని ఉద్యోగంలోంచి తీసేయాలన్నా గవర్నర్ హైకోర్టు సిఫారసు మేరకే నడుచుకోవాలని 1974లో శంషేర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఎమ్మెల్యే ఫోను మీ కేసుకు మచ్చే తెస్తుంది.

"అయితే గవర్నర్‌కే అర్జీ పెట్టు" అంటారు ఇంకొందరు. చట్టం చదివినవాళ్లే ఆ దారి పట్టిన సందర్భం ఒకటుంది. రాష్ట్ర విభజనలో ఆంధ్రకు చెందిన న్యాయాధికారులను తెలంగాణకు కేటాయిస్తూ హైకోర్టు ఇచ్చిన ప్రాథమిక జాబితాను వెనక్కి తీసుకోవాలని 2016 జూన్‌లో తెలంగాణ జడ్జీలు గన్‌పార్కు నుంచి రాజ్‌భవన్‌కు నడిచారు. హైకోర్టు 11 మందిని సస్పెండ్ చేసింది. దాదాపు 200 మంది మూకుమ్మడి సెలవు పెట్టారు. వాళ్ల బాధ న్యాయమైనదనే నా నమ్మకం. హైకోర్టు అప్పటికి రెండు రాష్ట్రాలకూ ఒక్కటే. ఎవరి మీద ఫిర్యాదో తీర్పు చెప్పాల్సిందీ వాళ్లే. తెలంగాణకంటూ హైకోర్టు 2019 జనవరి 1న గానీ రాలేదు. అయినా గవర్నర్ చేతిలో లేని అధికారాన్ని ఆయన దగ్గర వెతకడం తప్పే. నన్ను ఎక్కువగా బాధించేది, ఆ రోజుల్లో కూలి మానుకుని వాయిదాకొచ్చి ఉత్త చేతులతో తిరిగెళ్లిన కక్షిదారుల గోస.

"ఓడిపోయావా? జడ్జి మీద ఓ ఆకాశరామన్న ఉత్తరం పడెయ్." ఇది అన్నిటికంటే ప్రమాదం. తీర్పు తప్పయితే అప్పీలు చేసుకోవాలి. సివిల్ డిక్రీ మీద జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు గడువు. ఉత్తరాలు రాస్తూ కూర్చుంటే ఆ గడువు కరిగిపోతుంది. జడ్జి నడవడి మీదే ఆరోపణ ఉంటే హైకోర్టుకు రాయండి, పేరు పెట్టి, ప్రమాణపత్రంతో, సరిచూడదగ్గ ఆధారాలతో. అవి లేని ఫిర్యాదును పట్టించుకోవద్దని 2014 అక్టోబరులోనే భారత ప్రధాన న్యాయమూర్తి హైకోర్టులకు రాశారు. నిజాయితీగా పనిచేసే కింది కోర్టు జడ్జికి ఆ మాత్రం రక్షణ ఉండాలి.

"గుమాస్తా అడిగింది ఇచ్చెయ్, పని అయిపోతుంది." ఇవ్వకండి. సిబ్బంది సంగతి ప్రిన్సిపల్ జిల్లా జడ్జికి రాయొచ్చు, ఏసీబీకి 1064లో చెప్పొచ్చు.

కేసు ఏళ్లూపూళ్లూ సాగుతుంటే, ఇన్నాళ్లలో తేల్చమని కింది కోర్టును ఆదేశించాలంటూ 227వ అధికరణం కింద హైకోర్టులో పిటిషన్ వేయొచ్చు. లాయరుకు ఇచ్చుకోలేనివాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు అక్కడ ఆదాయంతో నిమిత్తం లేకుండా లాయరును పెడతారు.